బండి బాగోగులు: రెండున్నర టన్నుల వ్యాగన్, అరవై కిలోమీటర్ల కరెంటు

ప్రశ్న: నేను రిటైరైన లెక్చరర్‌ని. మా అబ్బాయి ఇంగ్లండ్‌లో డాక్టరు. కుటుంబంతో సహా హన్మకొండ వచ్చేసి, వరంగల్‌లోనే ప్రాక్టీసు పెట్టే ఆలోచనలో ఉన్నాడు. అక్కడ బీఎండబ్ల్యూ ఎం5 టూరింగ్ అనే పొడుగు డిక్కీ కారు (వ్యాగన్) వాడుతున్నాడు. కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అది. దాన్ని ఓడలో తెచ్చుకుంటానంటున్నాడు. "ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే పెట్రోలు ఖర్చే ఉండదు నాన్నా" అంటాడు. దాని గొప్పలు వాడి నోటే విన్నాను. లోపాలు మీరు చెప్పండి, దాచకుండా.
– ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: సార్, ముందు కారుకు దక్కాల్సిన మాట దక్కాలి. మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు వాళ్ల పక్కింటాయన ఇదే కారులో నన్ను ఊరంతా తిప్పాడు. 4.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, గేర్‌బాక్సులోనే ఇమిడిన కరెంటు మోటారు, రెండూ కలిసి 727 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి, 1,000 న్యూటన్ మీటర్ల టార్క్. సున్నా నుంచి వందకు 3.6 సెకన్లు. ఊళ్లో తిరిగినంతసేపూ చప్పుడు లేదు. వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో వారం సరుకులు. ఇంజినీర్ల పనితనం చూసి నాకు ముచ్చటేసింది. మీ అబ్బాయి మోజు నాకు అర్థమవుతుంది.

తేవడం సంగతి. కుడివైపు స్టీరింగ్ ఉన్న బండే మన దేశంలో రిజిస్టర్ అవుతుంది. ఇంగ్లండ్ బండి కాబట్టి ఆ గండం గడిచింది. కానీ వాడిన కారు తెచ్చుకోవాలంటే అది మూడేళ్లు దాటి ఉండకూడదు. ఈ టూరింగ్ డెలివరీలు మొదలైందే 2024 చివర్లో. అబ్బాయి కొన్నది తొలి బండ్లలో ఒకటైతే గడువు ఎక్కువ లేదు, తేదీ చూసుకోమనండి. వాడిన కారు మీద దిగుమతి సుంకం కారు విలువనే మించిపోతుంది. తెచ్చాక విడిభాగాల బాధ ఉంది. మన దగ్గర కంపెనీ 2024 నవంబర్ నుంచి అమ్ముతున్నది ఇదే యంత్రం ఉన్న సెడాన్. ఇంజిన్, మోటారు పార్టులు దానివి సరిపోవచ్చు. వెనక అద్దం, డిక్కీ తలుపు లాంటివి మాత్రం వ్యాగన్‌కు వేరు. ఎవరైనా వెనక నుంచి గుద్దితే ఆ తలుపు వచ్చేదాకా కారు షెడ్డులోనే.

ఇక అసలు లోపాలు. నేను ఆర్టీసీ డిపోలో మెకానికల్ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. బండి ఏదైనా నా కన్ను ముందు బరువు మీదికి, తరువాత అది రోజూ తిరిగే దారి మీదికి పోతుంది. ఈ కారును కూడా అట్లాగే చూశాను.

బరువు 2,475 కిలోలు, డ్రైవర్ ఎక్కకముందే. నలుగురు ఎక్కి, సామాను వేసి, 60 లీటర్ల ట్యాంకు నింపితే మూడు టన్నులకు దగ్గర పడుతుంది. ఇంత బరువును అంత వేగంగా లాగి, అంతే వేగంగా ఆపాలంటే ఆ శ్రమంతా టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు మోయాలి. ముందు 20 అంగుళాల చక్రాలు, వెనక 21. టైరు గోడ సన్నగా ఉంటుంది. జర్మనీ రోడ్ల మీద అది అందం, పట్టు కూడా. ములుగు దాటి రామప్ప, లక్నవరం వైపు వానాకాలంలో వెళ్లినప్పుడు గుంత అంచు తగిలితే రబ్బరు ఆపేది కొంచెమే, మిగతా దెబ్బంతా రిమ్ము మీదే. ఇలాంటి కార్లలో స్టెప్నీకి చోటు ఉండదు, పంక్చర్ కిట్టు ఇస్తారు. టైరు పక్క గోడ చీలితే కిట్టు పనికిరాదు. పైగా ముందు టైరు వెనక రాదు, వెనకది ముందు రాదు. పస్రా దగ్గరో తాడ్వాయి దగ్గరో చీకటి పడ్డాక ఆగిపోతే, హైదరాబాద్ నుంచి బండిని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీ వచ్చేదాకా ఇంటిల్లిపాదీ అక్కడే కూర్చోవాలి. మేడారం జాతరకు పిల్లలతో ఈ కారులో వెళ్తానంటే నేనైతే వద్దంటాను.

చార్జింగ్‌లో నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి, దీనికి ఫాస్ట్ చార్జింగ్ లేకపోవడం. హైవే పక్కన కనిపించే పెద్ద డీసీ చార్జర్లు దీనికి అక్కరకు రావు. ఇంటి కరెంటు లాంటి ఏసీ కరెంటే తీసుకుంటుంది, అదీ 7.4 కిలోవాట్ల వరకే. బ్యాటరీలో వాడుకునేది 18.6 యూనిట్లు. గోడ చార్జర్ పెట్టించుకుంటే మూడు గంటల పైచిలుకు. మామూలు సాకెట్‌కు చిన్న చార్జర్ తగిలిస్తే రాత్రి తొమ్మిదికి పెట్టిన బండి తెల్లారి ఆరేడింటికి నిండుతుంది. రాత్రిపూట ఇంట్లో ఉండే బండికి ఇది ఇబ్బంది కాదు. ప్రయాణం మధ్యలో టీ తాగేలోపు నింపుకుందామంటే మాత్రం కుదరదు.

ఇంట్లో చేయించాల్సిన పని ఒకటుంది. దాన్ని వాయిదా వేయకండి. మన ఇళ్లలో ఎర్తింగ్ గుంత ఇల్లు కట్టినప్పుడు తవ్వి మళ్లీ ఎవరూ చూడరు. ఎండాకాలం దాని చుట్టూ మట్టి ఎండిపోతుంది. ఎర్త్ సరిగా లేకపోతే ఈ చార్జర్లు ఎర్ర లైటు వెలిగించి ఆగిపోతాయి. కారు చెడిపోయిందని కంగారుపడి సర్వీసుకు ఫోన్లు చేసినవాళ్లను చాలామందిని చూశాను. చాలాసార్లు తప్పు గోడలోనే ఉంటుంది. గోడ చార్జర్ పెడితే ఒక్క ఫేజు మీద 32 ఆంపియర్లు లాగుతుంది. ఆ ఫేజు మీదే ఏసీ, గీజరు ఉంటే తట్టుకోదు. కరెంటు బిల్లులో మీ శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన కరెంటు) ఎంతో చూసి, నక్కలగుట్టలో విద్యుత్ సంస్థ ఆఫీసులో లోడ్ పెంచమని దరఖాస్తు ఇచ్చి, మంచి ఎలక్ట్రీషియన్‌తో ఆ చార్జర్‌కు విడిగా వైరు లాగించండి.

ఇప్పుడు "పెట్రోలు ఖర్చే ఉండదు" అన్న మాట. అబ్బాయి రోజూ హన్మకొండ నుంచి ఎంజీఎం దాకానో, హంటర్ రోడ్డులో ఏదైనా ఆసుపత్రి దాకానో వెళ్లి వస్తే అది నిజమే. ఆ కాస్త దూరానికి ఇంజిన్ లేవాల్సిన పనే ఉండదు. యూనిట్‌కు 10 రూపాయలిచ్చే పై శ్లాబులో మీరున్నా, నిండా చార్జింగ్‌కు 210, 220 రూపాయలు. దాంతో నలభై, యాభై కిలోమీటర్లు వస్తాయి. అదే దూరం పెట్రోలు మీద పోతే ఆరు వందల పైనే. తేడా కళ్లముందే ఉంది.

ఆదివారం హైదరాబాద్ బయల్దేరితే కథ మారుతుంది. కంపెనీ యూరప్ పరీక్షలో చెప్పే కరెంటు దూరం అరవై కిలోమీటర్ల పైమాట. అమెరికా ప్రభుత్వ పరీక్షలో ఈ ఎం5కు ఇచ్చింది 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు. మన ఎండలో ఏసీ పెంచుకుని హైవే వేగంతో పోతే నేను రెండో లెక్కనే నమ్ముతాను. స్టేషన్ ఘన్‌పూర్ దాటి జనగామ చేరేలోపే బ్యాటరీ అయిపోతుంది. కొమళ్ల, గూడూరు టోల్‌గేట్లు దాటి ఉప్పల్ చేరేదాకా మిగిలిన దూరమంతా ఆ వీ8 ఇంజినే, ఖాళీ బ్యాటరీనీ మోటారునీ కూడా మోసుకుంటూ, లాగాలి. అప్పుడు యూరప్ లెక్కల ప్రకారమే వంద కిలోమీటర్లకు పది లీటర్లు దాటుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు బరువైతే ఇంకా తాగుతుంది.

నాకు కనిపించే పెద్ద లోపం ఇదే సార్. వారమంతా ఊళ్లో తిరిగినన్నాళ్లూ వీ8 ఇంజిన్ దండగ బరువు. ఆదివారం హైవే ఎక్కగానే బ్యాటరీ దండగ బరువు. రెండింటికీ డబ్బు కట్టాలి, రెండింటినీ సర్వీసు చేయించాలి. రెండూ కలిసి ఒళ్లు విరుచుకునే చోటు ఖాళీగా ఉన్న విశాలమైన రోడ్డు. అది మన జిల్లాల్లో లేదు, ఉండాలని కోరుకునే పరిస్థితీ లేదు. ఎడ్లబండి, మేకల మంద, రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టరు ఎప్పుడు ఎదురొస్తాయో తెలియని దారుల్లో 3.6 సెకన్లు ఎవరికి కావాలి?

డిక్కీ గురించి మీరు అడగలేదు. కానీ వ్యాగన్ కొనేదే డిక్కీ కోసం. మామూలు 5 సిరీస్ టూరింగ్‌లో డిక్కీ 570 లీటర్లు, ఈ ఎం5 టూరింగ్‌లో 500. మరీ అన్యాయమేమీ కాదు. మెర్సిడెస్ వాళ్ల సీ63 ప్లగ్-ఇన్ వ్యాగన్‌లో అయితే వెనక ఇరుసు మీద మోటారు, బ్యాటరీ కూర్చోవడంతో 490 లీటర్ల డిక్కీ 320 దగ్గరికి పడిపోయింది. అన్నీ పోగొట్టుకుంటే వచ్చింది 13 కిలోమీటర్ల కరెంటు ప్రయాణం. దాంతో పోలిస్తే బీఎండబ్ల్యూ బ్యాటరీని నేల కింద పరిచి మంచి పని చేసింది.

ఆ నేల కింది బ్యాటరీ వల్లనే ఇంకో జాగ్రత్త. 2023 జులై వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ నాలా పక్క కాలనీలు ఎట్లా మునిగాయో మీకు తెలుసు. మీ ఇంటి పార్కింగ్ రోడ్డు మట్టం కన్నా కిందకు ఉంటే వానాకాలంలో ఈ కారును అక్కడ పెట్టకండి. చార్జింగ్ సాకెట్ నడుమెత్తున బిగించండి. ఒకవేళ నీళ్లలో నిలబడిపోతే స్టార్ట్ చేయొద్దు, ఊరి మెకానిక్‌ను పిలవొద్దు. నారింజ రంగు తొడుగున్న వైర్లలో ప్రాణం తీసేంత వోల్టేజ్ ఉంటుంది. మన దగ్గర మంచి మెకానిక్‌లకు కొదవ లేదు, కానీ ఇది శిక్షణ, రబ్బరు గ్లవ్స్, వేరే పనిముట్లు ఉన్నవాళ్లు చేయాల్సిన పని.

అబ్బాయికి నా మాటగా చెప్పండి: అక్కడే మంచి ధరకు అమ్మేసి రావడం మేలు. వ్యాగన్ మీద అంత ఇష్టముంటే ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో వోల్వో వీ90 క్రాస్ కంట్రీ, మెర్సిడెస్ ఈ-క్లాస్ ఆల్-టెర్రైన్ దొరుకుతాయి. నేలకు ఎత్తుగా ఉంటాయి, టైరు గోడ మందం, మన రోడ్లకు సరిపడే బండ్లు. వేగం తక్కువే. మీ మనవలు వెనక సీట్లో హాయిగా నిద్రపోతారు.

ప్రశ్న: నాది గ్రానైట్ వ్యాపారం. రోజూ క్వారీకి, వారంలో రెండుసార్లు హైదరాబాద్‌కు తిరుగుతాను. ఎం5 సెడాన్ కొందామనుకుంటున్నాను. కాగితాల మీద లీటరుకు యాభై కిలోమీటర్ల దరిదాపుల్లో మైలేజీ చూపిస్తున్నారు. వీ8 ఇంజిన్‌కు అది సాధ్యమా? హైబ్రిడ్ కాబట్టి ట్యాక్సులు కూడా తగ్గుతాయా?
– వ్యాపారి, కరీంనగర్

జవాబు: అన్నా, ఆ అంకె అబద్ధం కాదు, కానీ మీ కారుది కాదు. ప్రయోగశాలలో బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒకసారి నడుపుతారు, ఖాళీ అయ్యాక ఒకసారి నడుపుతారు. ఆ తరువాత "కొన్నవాళ్లు ఇంత వంతు కరెంటు మీద నడుపుతారు" అని ఒక అంచనా వేసి రెండింటినీ కలుపుతారు. కిటుకంతా ఆ అంచనాలోనే ఉంది. రోజూ చార్జింగ్ పెట్టి దగ్గర దూరాలే తిరిగే మనిషిని ఊహించుకుని వేసిన లెక్క అది. యూరోపియన్ కమిషన్ 2024లో లక్షల కార్లలోని మీటర్ల నుంచి నేరుగా లెక్కలు తీసి చూస్తే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు రోడ్డు మీద వదులుతున్న కార్బన్ డయాక్సైడ్ సర్టిఫికెట్‌లో ఉన్నదానికి సగటున మూడున్నర రెట్లని తేలింది. పొగ మూడున్నర రెట్లంటే పెట్రోలు కూడా మూడున్నర రెట్లే. అందుకే 2025 నుంచి అక్కడ ఆ అంచనా సూత్రాన్ని కఠినం చేశారు.

మా డిపోలో ఏ డ్రైవర్ ఎంత కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు) తెచ్చాడో బోర్డు మీద రాసేవాళ్లం. పోసిన డీజిల్, తిరిగిన కిలోమీటర్లు, అంతే. ఒకే బస్సు ఒకరి చేతిలో ఒక లెక్క, ఇంకొకరి చేతిలో ఇంకో లెక్క వచ్చేది. మీరూ అదే పద్ధతిలో మీ వారాన్ని కాగితం మీద వేయండి. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ 160 కిలోమీటర్ల పైమాటే. బ్యాటరీ సిద్దిపేట దాకా కూడా రాదు. అక్కడ పని చూసుకుని, చార్జింగ్ దొరక్కపోతే తిరుగు ప్రయాణం మొత్తం పెట్రోలే. వారానికి రెండుసార్లు ఇట్లా తిరిగే మనిషికి కాగితం మీది యాభై ఎన్నటికీ కనపడదు. లీటరుకు ఎనిమిది, తొమ్మిది వస్తే సంతోషించండి.

ట్యాక్సు విషయంలో హైబ్రిడ్ అన్న పేరు మీకు పనికిరాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీలో ఇంత పెద్ద ఇంజిన్ ఉన్న హైబ్రిడ్‌కు పెట్రోలు కారుకు లాగే 40 శాతం. పూర్తి ఎలక్ట్రిక్ కారుకు 5 శాతమే. మన రాష్ట్రం 2024 నవంబర్‌లో ఇచ్చిన రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు బ్యాటరీ బండ్లకు. దాని గడువు 2026 డిసెంబర్ 31. పచ్చ నంబర్ ప్లేటు కూడా వాటికే. రెండు కోట్ల దరిదాపు షోరూం ధర మీద లైఫ్ ట్యాక్స్ కట్టాక చేతి నుంచి పోయే మొత్తాన్ని చూసి మీరే నిర్ణయించండి.

వేగమే కావాలంటే అదే కంపెనీ 2024లో ఐ5 ఎం60 అనే పూర్తి ఎలక్ట్రిక్ సెడాన్ ఇక్కడ విడుదల చేసింది. 601 హార్స్‌పవర్. విడుదలప్పటి ధర 1.20 కోట్ల లోపు. ఫాస్ట్ చార్జింగ్ ఉంది, ఒక్క చార్జింగ్‌తో మీరు హైదరాబాద్ వెళ్లి రావచ్చు. వీ8 చప్పుడు ఉండదు. ఆ చప్పుడు మీద ప్రేముంటే అది వేరే లెక్క, దానికి ఎవరూ సర్ది చెప్పలేరు.

క్వారీకి మాత్రం రెండింట్లో ఏదీ తీసుకెళ్లకండి. రాతి పొడి రేడియేటర్ రేకుల్లో పేరుకుంటుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో చల్లబరచాల్సినవి ఎక్కువ: ఇంజిన్, టర్బోలు, గేర్‌బాక్సు, మోటారు, బ్యాటరీ. బ్యాటరీని చల్లబరిచేది ఏసీ గ్యాసే. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు ఉన్నప్పుడు, ముందు రేకులు దుమ్ముతో మూసుకుపోతే, క్యాబిన్ ఏసీ, బ్యాటరీ రెండూ ఇబ్బంది పడతాయి. క్వారీకి మీ పాత జీపే రాజా.

ప్రశ్న: సార్ నమస్తే. నేను వరంగల్‌లో ఒక సేటు దగ్గర డ్రైవర్‌ని. ఆయన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొన్నారు. మూడు టెన్షన్లు ఉన్నాయి. పెట్రోలు బంకులో మూత వెంటనే తెరుచుకోదు, వెనక బండ్లవాళ్లు హారన్ కొడతారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చార్జింగ్ పెడితే అసోసియేషన్ వాళ్లు కరెంటు బిల్లు ఎవరు కడతారని గొడవ. హైదరాబాద్ చేరేసరికి బ్యాటరీ అయిపోయి, ట్రాఫిక్‌లో ఇంజిన్ మీదే నడుస్తుందని సేటు నన్ను తిడతారు.
– డ్రైవర్, వరంగల్

జవాబు: తమ్మీ, మొదటిది కారు తప్పూ కాదు, నీ తప్పూ కాదు. ఈ బండ్లలో ఇంజిన్ రోజుల తరబడి నడవకపోవచ్చు. అప్పుడు పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా ట్యాంకును గట్టిగా మూసి ఉంచుతారు. లోపల ఒత్తిడి పెరుగుతుంది. మీట నొక్కగానే ముందు ఆ ఒత్తిడి దిగాలి, తరువాతే మూత వదులుతుంది. బంకులో లైనులో నిలబడగానే మీట నొక్కు. నీ వంతు వచ్చేసరికి స్క్రీన్ మీద రెడీ అని వస్తుంది. మూతను బలవంతంగా లాగకు.

రెండోది సేటు పరిష్కరించాల్సింది, నీ మీద వేసుకోకు. కామన్ మీటర్ నుంచి వాడితే మిగతా ఫ్లాట్లవాళ్లు అడగడం న్యాయమే. ఆయన ఫ్లాటు మీటర్ నుంచి సెల్లార్‌లోని ఆయన పార్కింగ్ దాకా విడి కేబుల్ వేయించుకోవాలి, లేదా విద్యుత్ సంస్థ ఎన్‌పీడీసీఎల్ దగ్గర చార్జింగ్ కోసం వేరే కనెక్షన్ తీసుకోవాలి. అప్పటిదాకా ఒక సబ్ మీటర్ పెట్టి నెలనెలా రీడింగ్ రాసి డబ్బు కడితే గొడవ సద్దుమణుగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద మాత్రం ఎవరు చెప్పినా పెట్టకు. గంటల తరబడి పది ఆంపియర్లు పోతే ఆ ప్లగ్గు కరిగిపోతుంది. రాత్రి ఒకసారి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, కాలితే తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలువు.

మూడోదానికి కారులోనే మందు ఉంది. హైబ్రిడ్ మోడ్‌లో వదిలేస్తే కొన్ని బండ్లు ముందు బ్యాటరీ అంతా తాగేసి తరువాత పెట్రోలుకు వస్తాయి. బ్యాటరీని దాచిపెట్టే మోడ్ ఒకటి ఉంటుంది. ఎం5లో దాన్ని ఈ-కంట్రోల్ అంటారు, మీ బండిలో వేరే పేరు ఉండొచ్చు. కాజీపేట, మడికొండ దాటి హైవే ఎక్కగానే ఆ మోడ్ పెట్టు. హైవే మీద ఇంజిన్ ఎట్లాగూ హాయిగా తిరుగుతుంది. ఘట్‌కేసర్ వచ్చాక ఎలక్ట్రిక్ మోడ్‌కు మార్చు. ఉప్పల్ ట్రాఫిక్ అంతా కరెంటు మీద పోతుంది. ఇంట్లో కట్టిన కరెంటు ఎక్కడ ఎక్కువ కలిసొస్తుందో అక్కడ ఖర్చుపెట్టినట్టు.

ఇంకో రెండు సంగతులు నువ్వు అడగకపోయినా. బండి ఆగిపోతే తాడు కట్టి లాగించకు, ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి. చక్రాలు తిరిగితే మోటారు కూడా తిరుగుతుంది. బానెట్ లోపల ప్రెషర్ నీళ్లతో కడగనివ్వకు. ఈ జవాబు సేటుకు కూడా చూపించు.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. పాత ఎం5 కన్నా కొత్తదానికి వంద పీఎస్ ఎక్కువ శక్తి ఉంది, అయినా సున్నా నుంచి వందకు కొంచెం ఎక్కువ సమయం పడుతోంది. మరి హైబ్రిడ్ ఎందుకు పెట్టినట్టు?
– విద్యార్థిని, కాజీపేట

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. అంకెలు పక్కపక్కన పెట్టు. పాత ఎం5 కాంపిటీషన్ 625 పీఎస్, బరువు సుమారు 1,900 కిలోలు, 3.3 సెకన్లు. కొత్త సెడాన్ 727 పీఎస్, 2,435 కిలోలు, 3.5 సెకన్లు. టన్నుకు పడే శక్తి పాతదానిలో 329 పీఎస్, కొత్తదానిలో 299. శక్తి పెరిగింది, కానీ దానికన్నా బరువు ఎక్కువ పెరిగింది. బ్యాటరీ, మోటారు, చార్జర్, వాటిని చల్లబరిచే గొట్టాలు, వీటన్నిటినీ మోసేంత గట్టి బాడీ. ఒక బరువు ఇంకో బరువును పిలుస్తుంది. వంద కిలోమీటర్ల వేగం నుంచి ఆపాలంటే బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి కూడా 28 శాతం ఎక్కువ. మోటారు కొంత వెనక్కి పట్టుకుని బ్యాటరీకి పంపుతుంది కాబట్టి మామూలు నడకలో బ్రేకులకు ఊరట. వేడి వేడిగా నడిపినప్పుడు మాత్రం లేదు.

ఎందుకు పెట్టారంటే, యూరప్‌లో ఒక్కో కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్‌కు పరిమితి ఉంది. 2025లో ఆ లక్ష్యాన్ని కిలోమీటరుకు 93.6 గ్రాములకు దించారు. మామూలు వీ8 ఒక్కటే 200 గ్రాములు దాటుతుంది. ప్లగ్-ఇన్ చేస్తే, ఇందాక చెప్పిన అంచనా సూత్రం పుణ్యమా అని, విడుదలైనప్పుడు ఎం5 టూరింగ్ సర్టిఫికెట్‌లో 50 గ్రాముల లోపే వచ్చింది. వీ8ను బతికించుకోవడానికి కంపెనీకి దొరికిన దారి ఇది. కారు నడిపేవాడి అవసరం నుంచి పుట్టిన డిజైన్‌కు, లెక్కల పుస్తకం నుంచి పుట్టిన డిజైన్‌కు తేడా నువ్వు చదువు పూర్తయ్యేలోపు గుర్తుపట్టగలగాలి. ఈ రెండు ఎం5ల స్పెసిఫికేషన్ షీట్లు ఒక్కొక్క వరుసా పోల్చి చూడు, అరగంటలో బోలెడు తెలుస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఉంది. ఊళ్లోనే తిరుగుతాం, పెట్రోలు పోయించి నెలలవుతోంది. ఏమైనా అవుతుందా?
– గృహిణి, మంచిర్యాల

జవాబు: అవుతుందమ్మా, కానీ ఆపుకోవచ్చు. ఇప్పుడు మనం పోయించుకునేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. ట్యాంకు మూసి ఉంటుంది కాబట్టి కొంత నయం, అయినా నిల్వ ఉన్న పెట్రోలు పాడవుతూనే ఉంటుంది. ట్యాంకు సగానికి మించి నింపొద్దు. పదిహేను రోజులకోసారి లక్సెట్టిపేట దాకానో, గోదావరిఖని దాకానో ఇంజిన్ మీద వెళ్లి రండి. ఐదు నిమిషాలు ఇంటి ముందు నడిపి ఆపేస్తే లాభం లేదు. ఇంజిన్ బాగా వేడెక్కి ఆయిల్‌లోని తేమ ఆవిరైపోయేదాకా నడవాలి. మొదటి పది నిమిషాలు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దు. కరెంటు మీద వెళ్తూ ఒక్కసారిగా తొక్కితే, చల్లగా పడుకున్న ఇంజిన్‌ను లేపి నేరుగా బరువు మోయించినట్టవుతుంది. కిలోమీటర్లు తక్కువ తిరిగాయని ఆయిల్ మార్చడం మానకండి. ఏడాదికోసారి మార్పించి, తేదీ, రీడింగ్ రెండూ సర్వీసు పుస్తకంలో రాయించుకోండి.